పదును నుంచి సెన్సర్ దాకా: ఇందూరు ప్రాంతంలో నేల తడిని కొలిచిన చరిత్ర

వ్యాస సంగ్రహం

నేలలో తడి ఎంత ఉందన్నది సేద్యంలో తొలి ప్రశ్న. నిజామాబాద్ జిల్లాలో గత నూరేళ్లుగా ఈ ప్రశ్నకు జవాబును నాలుగు చోట్ల వెదికారు: రైతు పిడికిలిలో, కాలువ తూము దగ్గర, మోటారు స్టార్టరు దగ్గర, ఇప్పుడు వేరు పక్కన పాతే సెన్సర్‌లో. జవాబు దొరికే చోటు మారినప్పుడల్లా నీరు పెట్టాలా వద్దా అని నిర్ణయించే అధికారం కూడా చేతులు మారింది. ఈ క్రమాన్ని బోధన్ చెరకు ప్రాంతం, జక్రాన్‌పల్లి–ఆర్మూరు పసుపు ప్రాంతం ఆధారంగా పరిశీలించి, సెన్సర్ అమరికలో, వైరింగ్‌లో, క్రమాంకనంలో ‘పదును’ అనే తెలుగు భావనకు ఉన్న స్థానాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పదును, నేల తేమ, నిజాంసాగర్, ఆటో స్టార్టర్, సెన్సర్, క్రమాంకనం, పసుపు, చెరకు.

1. ఉపోద్ఘాతం

హైదరాబాద్ నుంచి నాగపూర్ వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి డిచ్‌పల్లి దాటాక జక్రాన్‌పల్లి మీదుగా ఆర్మూరు చేరుతుంది. ఈ దారికి ఇరువైపులా పసుపు, మొక్కజొన్న, వరి, ఎర్రజొన్న ప్రధాన పంటలు. బావులు, బోర్లు ప్రధాన ఆధారం. పడమట బోధన్, బాన్సువాడ వైపు వెళితే పరిస్థితి వేరు. అక్కడ మంజీర మీద కట్టిన నిజాంసాగర్ కాలువలు, వాటి కింద వరి, ఒకప్పుడు విస్తారంగా చెరకు. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలోని ఈ రెండు భాగాల్లో నీటి చరిత్ర రెండు దారుల్లో నడిచింది. ఒకచోట నీరు పైనుంచి వంతు ప్రకారం వచ్చింది. మరొకచోట భూగర్భం నుంచి కరెంటు వచ్చిన వేళను బట్టి వచ్చింది. రెండుచోట్లా పైరు వేరు దగ్గర ఎంత తడి ఉందో అడిగే ఏర్పాటు మాత్రం వ్యవస్థలో లేదు.

నేల తేమ సెన్సర్ ఆ లోటును తీర్చగలిగిన పరికరం. అయితే దానిని కేవలం కొత్త సాంకేతికతగా చూస్తే చరిత్ర సగమే తెలుస్తుంది. సెన్సర్ అడిగే ప్రశ్నను ఇక్కడి రైతు ఏనాడో అడిగాడు. దానికి తన భాషలో ఒక మాటను కూడా స్థిరపరచుకున్నాడు. ఆ మాట పదును.

2. పదును: పిడికిలిలోని కొలత

తెలుగులో ‘పదును’ (పదను) అనే మాటకు రెండు ప్రధానార్థాలు ఉన్నాయి. ఒకటి పనిముట్టు అంచుకు వచ్చే వాడి. రెండోది దున్నడానికో విత్తడానికో అనువైన నేల తడి. ఇనుము సరైన కాకకు, సరైన నీటికి లోనైతేనే పదునెక్కుతుంది. నేల కూడా తడిసి, తగుమాత్రం ఆరితేనే పదునుకు వస్తుంది. రెండర్థాల్లోనూ సరిగ్గా తగిన స్థితి అన్న భావం సమానంగా ఉంది. అందుకే పదును కేవలం తేమకు పర్యాయపదం కాదు. తేమ, చెమ్మ, తడి అనేవి నీటి ఉనికిని చెబుతాయి. పదును ఆ నీరు పనికి వచ్చే స్థితిలో ఉన్నదని చెబుతుంది. ‘అదును–పదును’ అనే జంటపదంలో అదును కాలాన్ని, పదును నేలను సూచిస్తాయి. సేద్యంలో నిర్ణయం ఈ రెండూ కలిసినచోట జరుగుతుంది.

ఈ కొలతకు సాధనం చేయి. జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కినప్పుడు ముద్ద కట్టకుండా రాలిపోతే తడి చాలదు. ముద్ద కట్టి, వేలితో తాకగానే విడిపోతే పదును. అరచేతికి జిగురుగా అంటుకుంటే ఇంకా ఆరాలి. రేగడిలో ఈ తేడా ప్రాణాంతకం. పచ్చిగా ఉన్నప్పుడు దున్నితే గడ్డలు ఎండి రాళ్లవుతాయి. ఆలస్యం చేస్తే నేల బిగిసి నాగలి దిగదు. ఎర్ర చెల్కలో పదును త్వరగా వచ్చి త్వరగా పోతుంది. రేగడిలో ఆలస్యంగా వచ్చి కొంత నిలుస్తుంది. నీరు నిలిచి ఊరే పొలాన్ని ‘జాలు పట్టింది’ అంటారు. మిరుగు (మృగశిర కార్తె) వానల తరువాత వచ్చే ఎండ విరామాన్ని ‘వరపు’ అంటారు. పచ్చి, పదును, జాలు, వరపు అనే ఈ పదజాలం ఒక కొలమానం. అందులో అంకెలు లేవు, అయినా తరగతులు ఉన్నాయి. ఒక్కో తరగతికి ఒక్కో పని నిర్ణయమై ఉంది.

ఈ కొలతకు పరిమితులూ ఉన్నాయి. చేయి పైపొరను మాత్రమే చూడగలదు. రెండడుగుల లోతున ఉన్న చెరకు వేరు దగ్గర ఏం జరుగుతోందో పిడికిలి చెప్పదు. రాత్రి తడి ఎంత దిగిందో, నిన్నటికీ నేటికీ ఎంత తగ్గిందో అది నమోదు చేయలేదు. అన్నిటికంటే ముఖ్యంగా ఆ జ్ఞానం రైతు అనుభవంతో ముడిపడి ఉంది. పొలం కౌలుకు మారితే అది పొలంతో పాటు మారదు.

3. తూము దగ్గరి కొలత

హైదరాబాద్ సంస్థానపు రెవెన్యూ వ్యవస్థ భూమిని నీటిని బట్టి విభజించింది. వానాధార భూమి ఖుష్కీ, నీటిపారుదల భూమి తరి, తోట భూమి బాగాత్. తరి పంటల్లో వానకాలపుది ఆబి, వేసవిది తాబి. ఈ మాటలు నేటికీ తెలంగాణ పల్లెల దస్తావేజుల్లో, నాలుకల మీద ఉన్నాయి. వీటి ప్రయోజనం శిస్తు నిర్ణయం. పొలంలో నీరు పారిందా లేదా అన్నది ప్రభుత్వానికి కావలసిన సమాచారం. నేలలో ఎంత తడి మిగిలింది అన్నది కాదు. చెరువు కింద ఈ రెండింటి మధ్య వారధిగా నీరటి (నీరడి) ఉండేవాడు. అతడు తూము తెరిచేవాడే కాని, పొలం గట్ల మీద నడిచి ఎవరి మడి ఆరిందో కంటితో చూసి వంతు సర్దేవాడు కూడా. కొలిచేవాడు, పంచేవాడు ఒక్కడే కావడం ఆ వ్యవస్థ బలం.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ సారథ్యంలో 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ పరిమాణాన్ని మార్చివేసింది. ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉన్న ఈ జలాశయానికి 2.75 లక్షల ఎకరాల ఆయకట్టు లక్ష్యంగా నిర్ణయించారు. కాలువ నీటి బలంతోనే 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ పెరిగింది. ఇంత పెద్ద వ్యవస్థలో నీటిని తూము దగ్గర ప్రవాహంగా, జలాశయంలో మట్టంగా మాత్రమే కొలవడం సాధ్యమైంది. వంతు వచ్చినప్పుడు నీరు పెట్టుకోవాలి; రాకపోతే ఎదురుచూడాలి. తరువాతి కాలంలో శ్రీరాంసాగర్ కాలువల మీద ‘వారబందీ’, ‘ఆన్ అండ్ ఆఫ్’ అన్న పేర్లతో నడిచినదీ ఇదే తర్కం. వంతు మళ్లీ ఎప్పుడు వస్తుందో నమ్మకం లేని రైతు, నేల పదును మీద ఉన్నా సరే వచ్చిన నీటిని వదులుకోడు. అది అజ్ఞానం కాదు. వ్యవస్థ నేర్పిన జాగ్రత్త.

చెరకు విషయంలో ఈ లోపం మరింత స్పష్టం. దాదాపు ఏడాది పాటు పొలంలో ఉండే ఈ పంటకు పెరిగే దశలో నిండుగా తడి కావాలి. కోతకు ముందు మాత్రం నీరు తగ్గించి ఎండబెడితేనే గడలో చక్కెర శాతం పెరుగుతుంది. అంటే రైతుకు తడి ఎంత ముఖ్యమో ఆరిక కూడా అంతే ముఖ్యం. కాలువ వంతు ఈ తేడాను ఎరగదు. పూడిక వల్ల నిజాంసాగర్ నిల్వ తొలినాటి దాదాపు 30 టీఎంసీల నుంచి బాగా పడిపోగా, 1970లలో మట్టం పెంచి 17.8 టీఎంసీలకు తెచ్చారు. మంజీర నీటిలో కొంత హైదరాబాద్ తాగునీటికి మళ్లింది. బోధన్ కర్మాగారం 2015లో మూతపడింది. నీరు, కర్మాగారం రెండూ తగ్గిన ఆ ఆయకట్టులో మిగిలిన నీటిని వేరు దాకా లెక్కించవలసిన అవసరం పెరిగింది.

4. కరెంటు దగ్గరి కొలత

జక్రాన్‌పల్లి–ఆర్మూరు వైపు బావి మీద మోట ఉన్న రోజుల్లో నీటికి కొలత ఎద్దుల శ్రమ. ఎన్ని మోటలు తోడారో, ఎన్ని సాళ్లు తడిసాయో రైతుకు కచ్చితంగా తెలిసేది. విద్యుత్ మోటారు ఆ శ్రమను తొలగించింది. దాంతోపాటు లెక్కనూ తొలగించింది. 1980ల తొలినాళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మీటరు రీడింగు పోయి, మోటారు హార్స్‌పవర్‌ను బట్టి ఏకమొత్తం రుసుము వచ్చింది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి అది 24 గంటల సరఫరా అయింది.

మధ్యకాలంలో కరెంటు కొన్ని గంటలకే, తరచు రాత్రివేళ వచ్చేది. చీకట్లో బావి దగ్గరికి వెళ్లడం పాముకాటుకు, విద్యుదాఘాతానికి ఎదురెళ్లడమే. ఈ స్థితిలో పుట్టిన ఉపాయం ఆటో స్టార్టర్. కరెంటు రాగానే మోటారు తనంతట తాను నడుస్తుంది; పోగానే ఆగుతుంది. 24 గంటల సరఫరా మొదలైనప్పుడు భూగర్భజలాన్ని కాపాడటానికి ఈ ఆటో స్టార్టర్లను తీసివేయాలని ప్రభుత్వం రైతులను కోరవలసి వచ్చింది.

నేల తేమ చరిత్రలో ఆటో స్టార్టర్‌ది కీలక స్థానం. ఈ ప్రాంతపు పొలాల్లో విస్తృతంగా వ్యాపించిన తొలి స్వయంచాలక నీటిపారుదల పరికరం అదే. కాని అది వినేది తీగలోని కరెంటును, నేలలోని తడిని కాదు. నిన్న వాన పడినా, పొలం జాలు పట్టినా దానికి తెలియదు. పసుపు పంటకు ఇది నేరుగా నష్టం. జూన్‌లో నాటి జనవరి తరువాత తవ్వే ఈ దుంపకు తడి నిరంతరం కావాలి. అయినా నీరు నిలిస్తే దుంపకుళ్లు సోకుతుంది. 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైన తరువాత మార్కెట్, ధర, నాణ్యత చర్చకు వస్తున్నాయి. దుంప కుళ్లిపోయిన మడికి ఏ ధరా వర్తించదు గనుక, ఆ చర్చలో నేల తడికీ చోటు ఉండాలి.

5. మట్టి లోపలి కొలత: శాస్త్ర చరిత్ర

ఇదే శతాబ్దంలో మట్టిలోని నీటిని భౌతికశాస్త్రం మరో దారిలో సమీపించింది. 1907లో అమెరికాలో ఎడ్గార్ బకింగ్‌హామ్, మట్టి రేణువులు నీటిని పట్టి ఉంచే శక్తిని ఒక భౌతిక రాశిగా నిర్వచించాడు. 1931లో, నిజాంసాగర్ పూర్తయిన సంవత్సరంలోనే, ఎల్.ఎ. రిచర్డ్స్ తడి పూర్తిగా నిండని మట్టిలో నీటి చలనానికి సమీకరణాన్ని ప్రచురించాడు. మట్టి నీటిని ఎంత బిగువుగా పట్టుకుందో చూపే టెన్షియోమీటర్ ఆ పరిశోధనల నుంచి రూపుదిద్దుకుంది. 1940లో బౌయుకోస్, మిక్ అనే ఇద్దరు జిప్సం దిమ్మెలో విద్యుత్ నిరోధం ద్వారా తడిని అంచనా వేసే పద్ధతిని ప్రతిపాదించారు. 1980లో కెనడాకు చెందిన టాప్, డేవిస్, అన్నన్ మట్టిలో విద్యుదయస్కాంత తరంగం పయనించే వేగాన్ని తడితో ముడిపెట్టారు. నేటి సెన్సర్లలో అధికభాగం ఈ చివరి సూత్రం మీదే, విద్యుత్ ధారణను కొలిచే చవక రూపంలో పనిచేస్తున్నాయి.

సూత్రం సులువైనది. గాలి డైఎలక్ట్రిక్ విలువ 1. ఎండు మట్టిది 3 నుంచి 5. నీటిది దాదాపు 80. మట్టిలో నీరు కొంచెం పెరిగినా ఈ విలువ బాగా మారుతుంది. సెన్సర్ ఆ మార్పును గ్రహించి అంకెగా చూపుతుంది. కనుక సెన్సర్ నీటిని నేరుగా చూడదు. నీటి వల్ల కలిగే విద్యుత్ గుణాన్ని చూస్తుంది. మిగిలినది అనువాదం.

తెలుగు నేల మీద ఈ శాస్త్రం ముందుగా పరిశోధన క్షేత్రాలకే పరిమితమైంది. 1972లో పటాన్‌చెరులో స్థాపితమైన ఇక్రిశాట్‌లో నల్లరేగడి, ఎర్రనేలల తేమను న్యూట్రాన్ ప్రోబ్‌తో అధ్యయనం చేశారు. రేడియోధార్మిక మూలకం గల ఆ పరికరం రైతు చేతికి రాగలది కాదు. కోయంబత్తూరులోని చెరకు ప్రజనన సంస్థ రూపొందించిన నేల తేమ సూచిక ఈ దూరాన్ని తగ్గించిన ప్రయత్నాల్లో ఒకటి. అంకెకు బదులు రంగు దీపాలతో తడి స్థాయిని చూపడం దాని విశేషం. అంకెను తిరిగి తరగతులుగా మార్చవలసి రావడం గమనార్హం. పదును పదజాలం చేసిన పని కూడా అదే.

6. పొలంలో సెన్సర్: అమరిక, వైరింగ్

సెన్సర్ కచ్చితత్వం తయారీలో కంటే పాతడంలో ఎక్కువగా నిర్ణయమవుతుంది. మొదటి ప్రశ్న చోటు. పొలంలో పల్లం మూల ఎప్పుడూ తడిగా, గట్టు పక్క ఎప్పుడూ ఎండగా ఉంటుంది. ఈ రెండూ పొలానికి ప్రాతినిధ్యం వహించవు. ఎక్కడ ముందుగా ఆరుతుందో, ఎక్కడ జాలు వస్తుందో ఏళ్ల తరబడి దున్నినవారికే తెలుసు. కాబట్టి అమరిక రైతుతో కలిసి పొలం తిరగడంతో మొదలుకావాలి.

రెండవది లోతు. పసుపు వేళ్లు పైపొరల్లో ఉంటాయి గనుక 15, 30 సెంటీమీటర్ల లోతున రెండు సెన్సర్లు తగినవి. చెరకుకు 30, 60 సెంటీమీటర్లు అవసరం. పైది ఎప్పుడు నీరు పెట్టాలో చెబుతుంది. కిందిది ఎప్పుడు ఆపాలో చెబుతుంది. కింది సెన్సర్‌లో తడి ఒక్కసారిగా పెరిగితే నీరు, దానితో పాటు ఎరువు, వేరును దాటి కిందికి పోతున్నట్టే.

మూడవది స్పర్శ. సెన్సర్ ముళ్లకు మట్టి గట్టిగా ఆనాలి. మధ్య గాలి చేరితే విలువ తప్పుగా తగ్గుతుంది. అందువల్ల గుంత తవ్వి, కదలని పక్కగోడలోకి ముళ్లను అడ్డంగా గుచ్చి, తీసిన మట్టిని తీసిన వరుసలోనే పొరలుగా కూరి నింపాలి. రేగడిలో మరో చిక్కు ఉంది. అది ఎండినప్పుడు నెర్రెలు విచ్చుతుంది. నెర్రె సెన్సర్ పక్కనుంచి పోతే గాలి చేరి తడి సున్నాకు దగ్గరగా కనిపిస్తుంది. నీరు పెట్టగానే నెర్రె గుండా నీరు నేరుగా దిగి నేల అంతా తడిసినట్టు కనిపిస్తుంది. రెండూ నిజం కావు. నెర్రెలు తరచు ఎక్కడ విచ్చుతాయో గమనించి, ఆ గీతలకు దూరంగా పాతడం ఒక్కటే ఉపాయం.

నాలుగవది తీగ. సాధారణ సెన్సర్‌కు విద్యుత్, భూమి, సంకేతం అనే మూడు తీగలు ఉంటాయి. సంకేతం ఓల్టేజి రూపంలో ఉంటే తీగ పొడవు పెరిగే కొద్దీ విలువలో దోషం పెరుగుతుంది. అంకెల సంకేతం పంపే ఎస్‌డీఐ–12 ప్రమాణంలో ఒకే తీగజత మీద పలు సెన్సర్లను కలపవచ్చు. దానిలో ఒక్కో సెన్సర్ తీగకు సుమారు 60 మీటర్ల పరిమితి ఉంది. అంతకు మించిన దూరానికి 4 నుంచి 20 మిల్లీయాంపియర్ల విద్యుత్ ప్రవాహ పద్ధతి లేదా రేడియో సంకేతం అనువు. తీగను నాగలి, కల్టివేటరు దిగే లోతుకు కింద పైపులో పాతాలి. లేకపోతే ఎలుకలు, పందికొక్కులు, దుక్కి మూడూ దానికి శత్రువులే. పెట్టెలోకి ఎక్కే ముందు తీగను ఒక వంపుగా కిందికి వదిలితే వాననీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

వైరింగ్‌లో చిన్నదిగా కనిపించే ఒక నిర్ణయానికి పెద్ద పర్యవసానం ఉంది. సున్నా ఓల్టేజిని ‘ఎండిన నేల’గా చదివే వ్యవస్థలో తెగిన తీగ కూడా సున్నానే పంపుతుంది. ఆ సెన్సర్‌ను మోటారు స్టార్టరుకు కలిపితే, ఎలుక కొరికిన తీగను కరువుగా భావించి మోటారు రాత్రంతా నడుస్తుంది. పసుపు మడి కుళ్లుతుంది. 4 నుంచి 20 మిల్లీయాంపియర్ల పద్ధతిలో ఎండు నేల 4 చూపుతుంది, తెగిన తీగ 0 చూపుతుంది. ఎండకూ మౌనానికీ తేడా తెలుస్తుంది. ఏ పద్ధతి వాడినా, విలువ రాకపోవడాన్ని లోపంగా గుర్తించి మోటారును ఆపే ఏర్పాటు ఉండాలి. ఈ జాగ్రత్త లేని సెన్సర్ కొత్త రూపంలోని ఆటో స్టార్టరే అవుతుంది.

7. అంకెకు పదును

సెన్సర్ చూపే శాతం తనంతట తాను నిర్ణయం కాదు. ఘనపరిమాణంలో 20 శాతం తడి ఎర్ర చెల్కలో దాదాపు నిండు తడి. బరువైన రేగడిలో అది పైరు వాడే స్థితికి దగ్గర. జక్రాన్‌పల్లి లాంటి చోట ఒకే రైతుకు రెండు రకాల నేలలూ ఉండవచ్చు. కంపెనీ ఇచ్చిన ఒకే హద్దును రెండింటికీ వర్తింపజేస్తే ఒకటి మునుగుతుంది, మరొకటి ఎండుతుంది. అందుకే క్రమాంకనం తప్పదు. తెలిసిన ఘనపరిమాణం గల గొట్టంతో సెన్సర్ పక్కనుంచి మట్టి తీసి తూచాలి. 105 డిగ్రీల సెల్సియస్ వద్ద 24 గంటలు ఆరబెట్టి మళ్లీ తూచాలి. ఆ తేడాను సెన్సర్ విలువతో పోల్చాలి. తడి నుంచి ఎండు దాకా పలు దశల్లో ఇలా చేస్తేనే ఆ నేలకు ఆ సెన్సర్ భాష తెలుస్తుంది.

ఈ పట్టికలో సాధారణంగా రెండే నిలువు వరుసలు ఉంటాయి: సెన్సర్ విలువ, తూకపు విలువ. దానికి మూడో వరుస చేర్చవలసి ఉంది. అదే రోజు, అదే చోట మట్టిని పిడికిట్లో నొక్కి రైతు చెప్పే మాట: పచ్చి, పదును, ఆరిక, జాలు. అప్పుడు 34 అనే అంకె ఆ రేగడిలో పదునో కాదో రాతలో మిగులుతుంది. కౌలుదారుకు, తరువాతి తరానికి ఆ జ్ఞానం పొలంతో పాటు అందుతుంది. పిడికిలి చేరలేని లోతును సెన్సర్ చూస్తుంది. సెన్సర్ చెప్పలేని అర్థాన్ని పిడికిలి చెబుతుంది.

రైతులు తామే కొలిచి, తామే నిర్ణయించిన ఉదాహరణ తెలుగు నేల మీదే ఉంది. 2003 తరువాత ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో నడిచిన రైతు భూగర్భజల యాజమాన్య పథకంలో గ్రామస్థులే వర్షమాపకాలను, బోరు మట్టాలను చదివి, గోడల మీద రాసి, ఆ లెక్క ప్రకారం పంటలు ఎంచుకున్నారు. అక్కడ పరికరాలు సాధారణమైనవి. కొలత రైతు చేతిలో ఉండటమే అసలు మార్పు. దీనికి భిన్నంగా, 2015లో నాసా ప్రయోగించిన ‘స్మాప్’ వంటి ఉపగ్రహాలు నేల పై 5 సెంటీమీటర్ల తడిని కిలోమీటర్ల విస్తీర్ణపు సగటుగా చూపుతాయి. కరువు అంచనాకు అది విలువైనది. ఒక పసుపు మడికి అది జవాబు కాదు.

8. ముగింపు

ఖుష్కీ–తరి విభజన శిస్తు కోసం నీటిని గుర్తించింది. కాలువ తూము పంపకం కోసం కొలిచింది. ఆటో స్టార్టర్ కొలవడమే మానేసింది. నూరేళ్ల తరువాత సెన్సర్ ప్రశ్నను తిరిగి వేరు దగ్గరికి తెస్తోంది. ఉచిత విద్యుత్ ఉన్నచోట సెన్సర్ వల్ల రైతుకు కరెంటు బిల్లులో లాభం రాదు. కుళ్లని దుంప, కొట్టుకుపోని ఎరువు, ఇంకొన్నేళ్లు నిలిచే బోరు: దాని ప్రతిఫలం ఇవే. ఆ ప్రతిఫలం దక్కడం దానిని ఎవరు, ఎక్కడ, ఏ మాటలతో అమర్చారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. హద్దులు దూరంగా ఎక్కడో నిర్ణయమై, రైతు ఫోనుకు ఆదేశంగా మాత్రమే చేరితే సెన్సర్ మరో తూముగా మిగులుతుంది. అమరికలో రైతు అడుగు, క్రమాంకనంలో రైతు మాట చేరితే అది రైతు కొలతే అవుతుంది. భాషా పరిశోధకులకు ఇందులో ఒక కర్తవ్యం ఉంది. నేల తడికి సంబంధించిన ప్రాంతీయ పదజాలాన్ని ఊరూరా, నేల రకాల వారీగా సేకరించి, కొలిచిన విలువలతో జతచేసి నమోదు చేయడం పదకోశ నిర్మాణానికే కాక సేద్యానికీ పనికి వచ్చే పని. ఆ మాటలు తెలిసిన తరం ఇంకా పొలంలో ఉండగానే ఆ నమోదు జరగాలి.